సెల్ఫ్ భారంగా తిరిగి ఆగిపోతుంటే: ఎర్త్ తీగ పరీక్ష, నా అనుభవం

శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం తీరాన మా ఇంటి ముందు ఉండే కారు, తాళం తిప్పితే భారంగా ఒకటి రెండు చుట్లు తిరిగి ఆగిపోయేది. హెడ్‌లైట్లు మాత్రం పెద్దగా మసకబారేవి కావు. కొత్త బ్యాటరీ, కొత్త రిలే, విప్పించి శుభ్రం చేయించిన సెల్ఫ్ మోటారు, ఏవీ ఫలితమివ్వలేదు.

చివరికి మల్టీమీటరును 20 వోల్టుల డీసీలో ఉంచి, ఒక మొనను బ్యాటరీ నెగటివ్ పోస్టుకు (క్లిప్పుకు కాదు, సీసపు పోస్టుకే), రెండో మొనను ఇంజిన్ మీది శుభ్రమైన లోహానికి ఆనించి, గేరు న్యూట్రల్‌లో ఉందని చూసుకుని, తమ్ముణ్ణి తాళం తిప్పమన్నాను. అర వోల్టు దాటకూడని చోట మీటరు దాదాపు 4 వోల్టులు చూపింది. రెండో మొనను కారు బాడీకి మార్చి మళ్లీ తిప్పిస్తే 0.1 మాత్రమే వచ్చింది కాబట్టి, లోపం బాడీకీ ఇంజినుకూ మధ్యనున్న ఎర్త్ తీగలోనే (కరెంటును తిరిగి బ్యాటరీకి చేర్చే తీగలోనే) ఉందని తేలింది.

ముందుగా బ్యాటరీ నెగటివ్ క్లిప్పు విప్పాను. తరువాత ఎర్త్ తీగ బోల్టు తీస్తే, దాని కింద పచ్చటి చిలుము పేరుకుని ఉంది. తీగ చివరనూ, అది ఆనే చోటునూ ఉప్పుకాగితంతో మెరిసేవరకు రుద్ది, గట్టిగా బిగించిన తరువాతే పైన గ్రీజు పూసి, నెగటివ్ క్లిప్పును చివరగా తగిలించాను. ఇప్పుడు అదే కొలత 0.2 చూపుతోంది, ఇంజిన్ వెంటనే అందుకుంటోంది.

ఉప్పుగాలే కారణమని నా అభిప్రాయం. తీరానికి దూరంగా పాలకొండ వైపు తిరిగే కారుకూ ఇదే వర్తిస్తుందని చెప్పలేను. తాళం తిప్పినప్పుడు బ్యాటరీ పోస్టుల మధ్యనే 9.6 వోల్టుల కంటే తగ్గితే, ముందు బ్యాటరీని పరీక్షింపజేయండి.