నడుము నొప్పి తగ్గిందా? అయినా పాత బరువు ముట్టుకోకండి

పోయిన వారం మా జిమ్‌లో ఒక కుర్రాడు డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువును వంగి పట్టుకుని నిటారుగా లేవడం) చేస్తూ బార్ సగంలో వదిలేశాడు. మోకాళ్ల మీద చేతులు ఆనించి అలాగే వంగి ఉండిపోయాడు. నిటారుగా లేవలేడు, కూర్చోలేడు. మూడు వారాల క్రితం కూడా సరిగ్గా అక్కడే కలుక్కుమంది. 12 రోజులు ఇంట్లో ఉన్నాడు, నొప్పి పోయింది, వచ్చాడు. కొన్నాళ్లు తేలికగా చేశాడా అంటే అదీ లేదు, నేరుగా పాత 100 కిలోలు వేశాడు. "ఒక్క రెప్ (ఒక్కసారి ఎత్తి దించడం) కొట్టి చూద్దామనుకున్నా అన్నా" అన్నాడు.

ఆ 'చూద్దాం' గురించే ఇదంతా. వామప్, ఫారం (బరువు ఎత్తే తీరు) సంగతులు అందరూ చెప్పేవే. నేను చూసినవాళ్లలో మొదటి దెబ్బకే నడుము పాడుచేసుకున్నవాళ్లు తక్కువ. తగ్గిందో లేదో చూద్దామని పాత బరువు ఎత్తి పాడుచేసుకున్నవాళ్లే ఎక్కువ. నొప్పి ముందు పోతుంది, బలం మెల్లగా వస్తుంది. పైగా ఇన్నాళ్లూ పని లేక కండరాలు ఇంకాస్త నీరసించి ఉంటాయి. అంటే నొప్పి పోయిన రోజున మీ నడుము దెబ్బ తగలకముందు ఉన్న నడుము కాదు.

మొదటి రోజులు

మంచం దిగకుండా పడుకుంటే త్వరగా తగ్గుతుందనుకోవద్దు. ఒకటి రెండు రోజులకు మించి పడుకుంటే బిగుసుకుపోవడమే. గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి, ఓర్చుకోగలిగితే పది నిమిషాలు నడవండి. వేడి కాపడం సుఖంగా అనిపిస్తే పెట్టుకోండి. లేచేటప్పుడు పక్కకు ఒత్తిగిలి, కాళ్లు కిందకు దించి, చేత్తో నొక్కుకుంటూ లేవండి.

పొద్దున్నే వంగడం తగ్గించండి. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తలు) నీరు పీల్చుకుని ఉబ్బుతాయి, లేచిన మొదటి గంటలో వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. నాకు రెండోసారి పట్టేసింది బరువు ఎత్తుతుంటే కాదు, పళ్లు తోముకుని ఉమ్మడానికి సింక్ మీదకు వంగినప్పుడు. అప్పటి నుంచి ఒక చెయ్యి సింక్ అంచు మీద ఆనించి, మోకాళ్లు కాస్త మడిచే వంగుతున్నాను. తుమ్ము వచ్చినా అంతే, ఏదో ఒకటి పట్టుకుని నిటారుగా తుమ్మండి.

ఆగకుండా ఆసుపత్రికి

మర్మాంగాల చుట్టూ, తొడల లోపలివైపు మొద్దుబారినా, మూత్రం రాకపోయినా, మల మూత్రాలు ఆపుకోలేకపోయినా, కాలు పట్టు తప్పినా, పాదం పైకి లేవకపోయినా రేపటిదాకా ఆగకండి. అర్ధరాత్రి అయినా సరే. నొప్పి మోకాలి కిందికి పాకుతున్నా, జ్వరం తోడైనా డాక్టర్‌కి చూపించండి. ఇవేవీ లేకపోతే మొదటి వారంలోనే స్కానింగ్‌కి పరుగెత్తక్కర్లేదు. ఏ నొప్పీ లేనివాళ్ల స్కాన్‌లో కూడా డిస్కు ఉబ్బు కనిపిస్తుంది, ఆ రిపోర్టు చూసి టెన్షన్ పెంచుకోవడమే మిగులుతుంది. చాలామందికి కొద్ది వారాల్లోనే తగ్గుతుంది.

మళ్లీ జిమ్‌కి

ఖాళీ బార్‌తో మొదలుపెట్టండి. పెద్ద బార్ ఒక్కటే 20 కిలోలు, అది చాలు. ఎత్తేటప్పుడు బాగానే ఉంది కదా అని ప్లేట్లు కలపకండి. తీర్పు మర్నాడు పొద్దున మంచం దిగేటప్పుడు వస్తుంది. అప్పుడు నడుము ముందటి రోజులాగే ఉంటేనే, తర్వాతి సారి కొద్దిగా పెంచండి. నొప్పి పెరిగితే వెనక్కి రండి. పాత బరువు మాత్రం వద్దు. ఒక్క రెప్పూ వద్దు.

ఇక మిగిలినవి:

- పెయిన్ కిల్లర్ మింగి జిమ్‌కి రావద్దు. హెచ్చరించే నొప్పినే నోరు నొక్కేసి బరువు ఎత్తుతున్నట్టు.
- బెల్టు ఉంది కదా అని ధైర్యం చేయొద్దు. బెల్టు కడుపు బిగించడానికి ఊతం, మందు కాదు.
- ఎవరితోనూ నడుము విరిపించుకోవద్దు.
- నడుము గుండ్రంగా వంచే సిట్-అప్‌లు ఇప్పుడు వద్దు.
- పక్కవాడు ఎంత వేశాడో చూడొద్దు.
- వీడియో తీస్తామన్న స్నేహితుల్ని ఆ రోజు తీసుకురావద్దు.
- నొప్పి లేదా? అయినా పాత బరువు వద్దు.
- రెండు వారాలుగా నొప్పి లేదా? అయినా సరే, మెట్లు ఎక్కినట్టే ఎక్కండి.
- బార్ దగ్గర అంత జాగ్రత్తగా ఉండి, సెట్ అయ్యాక నేల మీది ప్లేటు కోసం నడుము వంచి, మెలి తిప్పి అందుకోవద్దు. పక్కవాడిని తీసి పెట్టమని అడగండి, సిగ్గుపడకండి.