టూ స్ట్రోక్ బండితో మళ్లీ ట్రాక్ ఎక్కే ముందు

చాలా ఏళ్ల విరామం తర్వాత విశాఖ నుంచి చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై రేసు ట్రాక్‌కి యమహా ఆర్ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ బండితో వెళ్తున్నారా? ఇవి చూసుకోండి.

• పెట్రోల్లో ఆయిల్ కలిపారా? ఆయిల్ పంపు తీసేసిన ఇంజిన్‌కి ఇదే ప్రాణం. రైల్లో పార్సిల్ వేస్తే ట్యాంకు ఖాళీ చేయాలి కదా, అక్కడ దిగాక హడావిడిలో ఉత్త పెట్రోలు పోసేసే ప్రమాదం ఉంది. పెట్రోలు, ఆయిల్ నిష్పత్తి 30:1 అయితే లీటరు పెట్రోలుకు సుమారు 33 మి.లీ. ఆయిల్ లేకపోతే పిస్టన్ ఇరుక్కుని పట్టేస్తుంది, వెనక చక్రం లాక్ అవుతుంది, మనిషి పడతాడు.

• క్రాంక్ సీళ్లు (ఇంజిన్‌లో తిరిగే క్రాంక్ షాఫ్ట్ చివర్ల ఉండే రబ్బరు రింగులు) మార్చండి. ఏళ్ల తరబడి నిలబడ్డ బండిలో రబ్బరు గట్టిపడి గాలి లోపలికి లాగుతుంది. పెట్రోలు, గాలి మిశ్రమం పలచబడి ఇంజిన్ వేడెక్కుతుంది. బయటికి ఏమీ కనిపించదు, అందుకే దీన్ని వదిలేస్తారు.

• క్లచ్ మీద రెండు వేళ్లు ఎప్పుడూ ఉంచండి. ఇంజిన్ పట్టేస్తున్నట్టు అనిపించగానే నొక్కాలి. ఫోర్ స్ట్రోక్‌కి అలవాటుపడ్డ చేతికి ఇది మళ్లీ నేర్పాలి.

• బ్రేకులు కొత్తవి వేయించండి. టూ స్ట్రోక్‌లో ఇంజిన్ బ్రేకింగ్, అంటే యాక్సిలరేటర్ వదలగానే ఇంజినే బండి వేగం తగ్గించడం, చాలా తక్కువ.

• టైరు పక్కన తయారీ వారం, సంవత్సరం అంకెలు చూడండి. గీతలు బాగున్నా పాత రబ్బరుకు పట్టు ఉండదు.

• మన ఉప్పుగాలికి కేబుళ్లు లోపల తుప్పుపడతాయి. థ్రాటిల్ (యాక్సిలరేటర్) వదలగానే టక్కున మూసుకోవాలి.