స్ప్రూస్ గూస్ కిట్ కడుతుంటే రెక్కలు ముందే అతికించకండి

హ్యూస్ హెచ్-4, అదే స్ప్రూస్ గూస్ అనే భారీ నీటి విమానం, దాని 1/200 స్కేల్ (అసలులో 200వ వంతు) మోడల్ కిట్ కట్టేవాళ్లకి ఒక మాట, రెక్కలు పెట్టేసి బాడీ జాయింట్ తర్వాత రుద్దుకుందాంలే అనుకోకండి, అసలు విమానం రెక్కలు 97.5 మీటర్లు కదా, ఇంత చిన్న స్కేల్‌లో కూడా దాదాపు 49 సెంటీమీటర్లు వస్తాయి, అవి అడ్డం ఉంటే శాండ్‌పేపర్ ఆడదు, నేను అలాగే చేసి రెక్క కింద ఫ్లోట్ (నీళ్లపై తేలడానికి ఉండే తెప్పలాంటి భాగం) ఒకటి విరగ్గొట్టుకున్నా. ముందు బాడీ రెండు సగాలూ అతికించి ఒక రోజు ఆరనిచ్చి, పుట్టీ పెట్టి, తడి శాండ్‌పేపర్‌తో నున్నగా రుద్దేయండి, రెక్కలు ఆ తర్వాతే.

రుద్దితే ప్యానెల్ గీతలు, అంటే పైపలకల అతుకులు చూపించే సన్న గాళ్లు, పోతాయని భయపడొద్దు. అసలు విమానం ఎక్కువగా బర్చ్ చెక్కతో చేసింది, పైన నున్నగానే ఉంటుంది, పైగా ఈ స్కేల్‌లో 0.2 మిల్లీమీటర్ల గీత అంటే అసలు సైజులో 4 సెంటీమీటర్ల గాడి! పూడ్చేసినా పర్లేదు.

ఎనిమిది ప్రొపెల్లర్లూ పెయింట్ అయ్యాకే పెట్టండి. అన్నట్టు ఎగ్జాస్ట్ మసి, మరకలు అని వెదరింగ్ (వాడి పాతబడినట్టు కనిపించేలా రంగులేయడం) దంచేయకండి, పాపం అది 1947 నవంబర్ 2న ఎగిరిందే ఒక్కసారి, అదీ ఒక నిమిషం లోపే.