తెరిచినా వెలగని ఫోల్డ్ ఫోన్ లోపలి తెర: సమస్య - పరిష్కారం

లక్షణం: ఫోన్ పూర్తిగా తెరిచినా లోపలి పెద్ద తెర నల్లగానే ఉంటుంది, కాల్స్ వస్తుంటాయి, బయటి చిన్న తెర మామూలుగా పనిచేస్తుంటుంది. ఇది చూడగానే చాలామంది డిస్‌ప్లే పోయిందని నిర్ధారించుకుని, ప్యానెల్ మార్పించడానికి ఎంతవుతుందని అడుగుతారు. ఫోన్‌కున్న కవరు తీసి చూశారా అంటే మాత్రం జవాబుండదు.

ముందు చూడవలసింది: ఫోన్ తెరుస్తున్నప్పుడు బయటి తెర ఆరిపోతోందా? ఆరిపోయినా లోపలి తెర వెలగకపోతే, తాను తెరుచుకున్న సంగతి ఫోన్‌కు తెలిసినట్టే. అప్పుడు ప్యానెల్‌నో, మడత గుండా వెళ్లే ఫ్లెక్స్ కేబుల్‌నో (వంగే పలుచని తీగల పట్టీ) అనుమానించవచ్చు. తెరిచిన తరువాత కూడా బయటి తెర వెలుగుతూనే ఉంటే, ఫోన్ తాను మూసి ఉన్నాననే అనుకుంటోందన్నమాట.

కారణం: ఇలాంటి ఫోన్లలో ఒక సగంలో అయస్కాంతం, రెండో సగంలో హాల్ సెన్సర్ ఉంటాయి. మూసినప్పుడు అయస్కాంతం దగ్గరకు రావడాన్ని గుర్తించే ఆ సెన్సర్‌కు, ఆ అయస్కాంతం ఫోన్‌దా, మీరు వెనుక అంటించిన మ్యాగ్నెట్ రింగుదా అన్న తేడా తెలియదు. వాలెట్ కవరు మూతలోని అయస్కాంత బిళ్ల, ఆ మ్యాగ్నెట్ రింగు, కారులోని మ్యాగ్నెట్ హోల్డరు, వీటిలో ఏది సెన్సర్ దగ్గరకు వచ్చినా లోపలి తెర మేలుకోదు. కారులో ఆరిపోయి ఇంట్లో వెలగడం, కవరు కాస్త జరిగితే బాగుపడటం వల్ల దీన్ని పట్టుకోవడం కష్టం. పైగా సర్వీస్ సెంటర్‌లో ఇచ్చేటప్పుడు కవరు తీసి ఇస్తారు కనుక అక్కడ ఫోన్ చక్కగా పనిచేస్తుంది. కొత్త ప్యానెల్ వేయించుకుని ఇంటికెళ్లి, పాత కవరు తొడగగానే మళ్లీ అదే సమస్యతో తిరిగొచ్చినవారున్నారు. 2025లో వచ్చిన గూగుల్ పిక్సెల్ 10 ప్రో ఫోల్డ్‌లో ఛార్జరు వంటివి అతుక్కోవడానికి అయస్కాంతాలు లోపలే ఉన్నాయి గాని, వాటి స్థానం తయారీదారు ఆలోచించి పెట్టినది. చవక కవరు తయారుచేసేవారు అంత ఆలోచిస్తారన్న నమ్మకం నాకు లేదు.

పరిష్కారం: కవరు, రింగు, హోల్డరు అన్నీ తీసివేసి, ఇనుప బల్లకు, ల్యాప్‌టాప్‌కు దూరంగా ఫోన్ రీస్టార్ట్ చేసి తెరవండి. వెలిగితే ఒక్కొక్కటే తిరిగి పెట్టి చూడండి, దోషి దొరుకుతుంది.

మిగతా కారణాలూ ఉన్నాయి. నల్ల మచ్చ, నిలువు గీత కనిపిస్తే ప్యానెల్ దెబ్బతిన్నట్టే. మడత దగ్గర బుడగ లేస్తే అది పై ఫిల్ము సమస్య. దాన్ని మీరు పీకకండి. 2019 ఏప్రిల్‌లో శాంసంగ్ మొదటి గెలాక్సీ ఫోల్డ్‌కు ఆ పొర పీకిన సమీక్షకుల ఫోన్ల తెరలు పాడయ్యాయి, విడుదల సెప్టెంబరుకు వాయిదా పడింది.

అన్నీ తీసినా బయటి తెర ఆరకపోతే సెన్సరో, కిందపడి కదిలిన లోపలి అయస్కాంతమో కారణం. సర్వీస్ సెంటర్‌కు కవరుతో సహా తీసుకెళ్లి, ప్యానెల్ మార్చేముందు హాల్ సెన్సర్ పరీక్షించమని రసీదు మీద రాయించండి.