ధ్రువ కాంతుల ఫొటోలకు బయలుదేరే ముందు చూసుకోవలసినవి

వరంగల్ నుంచి నార్వేలోని ట్రోమ్సోకు ధ్రువ కాంతుల (ధ్రువ ప్రాంతాల రాత్రి ఆకాశంలో కదిలే రంగుల వెలుగుల) కోసం వెళ్లేవారు సెప్టెంబరు చివరి నుంచి మార్చి చివరి వరకు ఉన్న కాలాన్నే ఎంచుకోవాలి. వేసవిలో అక్కడ చీకటి పడదు.

భూమి అయస్కాంత క్షేత్రంలోని అలజడిని తెలిపే కేపీ సూచీని 0 నుంచి 9 వరకు లెక్కిస్తారు. ట్రోమ్సో 69 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి పైన ఉన్నందున సూచీ 2 దగ్గర ఉన్నా కాంతులు కనిపించవచ్చు కనుక, అంకె చిన్నదని గదిలో పడుకోకూడదు. భూమికి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని ఉపగ్రహాలు సౌరగాలిని, అంటే సూర్యుడి నుంచి వెలువడే కణాల ప్రవాహాన్ని కొలిచి, అది భూమిని చేరడానికి సాధారణంగా గంటలోపే ముందుగా చెప్పగలవు. అయితే మబ్బు కమ్మితే ఏ సూచీ అక్కరకు రాదు కాబట్టి వాతావరణ సూచనను మొదట చూడాలి. 2024 మే నెల సౌర తుఫానులో లద్దాఖ్‌లోని హన్లేలో ఎర్రటి కాంతి కెమెరాకు చిక్కింది గానీ, ఆ ఆశతో భద్రకాళి చెరువు గట్టున ఎదురుచూడటం వృథా.

కెమెరా సాధన మాత్రం ఇక్కడే, ఊరి బయట పొలం గట్టున పూర్తి చేసుకోవాలి. ఆటోఫోకస్ ఆపి, తెరపై ఒక నక్షత్రాన్ని పెద్దదిగా చేసి, అది ఆవగింజంత చుక్కగా కుదించుకునే వరకు లెన్స్ రింగును తిప్పి, అక్కడే టేపు అంటించాలి. ఐఎస్ఓ (కాంతికి కెమెరా స్పందించే స్థాయి) 1600, ఎపర్చర్ (లెన్స్ తెరుచుకునే మేర) 2.8, షట్టర్ సమయం 8 సెకన్లతో మొదలుపెట్టి, కాంతులు వేగంగా కదిలితే సమయాన్ని 2, 3 సెకన్లకు తగ్గించాలి. ఇదంతా ఉన్ని గ్లవ్స్ తొడుక్కునే చేయాలి. చూసినవాళ్లు నవ్వినా ఫరవాలేదు.

చలికి బ్యాటరీలు త్వరగా దిగిపోతాయి కాబట్టి అదనపువాటిని లోపలి జేబులో ఉంచాలి. గదిలోకి రాగానే కెమెరాను సంచిలోంచి తీస్తే లెన్స్‌కు చెమ్మ పడుతుంది. బయట ఉండగానే గాలి చొరబడని కవరులో పెట్టి, వెచ్చబడ్డాకే విప్పాలి. మన చలికాలపు మంకీ క్యాపు, శాలువా అక్కడ చాలవు. నూలు లోదుస్తులు చెమటను పట్టి ఉంచి వణికిస్తాయి కనుక ఉన్నివే తీసుకెళ్లాలి.