అక్టోబరులో ఫాల్ట్స్ అడవి కోటలు ఎక్కబోయేవాళ్ళకు

జర్మనీలో చలికాలపు సెమిస్టరు మొదలయ్యేది అక్టోబరులో. మానహైమ్, హైడెల్‌బర్గ్, కార్ల్స్‌రూయె, కైజర్స్‌లౌటర్న్‌లలో కొత్తగా దిగిన మన పిల్లల చేతిలో దేశమంతా లోకల్ రైళ్ళూ బస్సులూ ఎక్కనిచ్చే డాయిచ్‌లాండ్ టికెట్టు ఉంటుంది, శనాదివారాలు ఖాళీ, ఇన్‌స్టాగ్రామ్ నిండా ఎర్రరాతి కోటల ఫోటోలు. రాత్రి గ్రూపులో మెసేజ్ పడుతుంది, పొద్దున్నే పదిమంది బయల్దేరతారు. వెళ్ళాల్సిందే. అంత అందమైన అడవి అంత దగ్గర్లో దొరకడం అదృష్టం. వెళ్ళే ముందు మాత్రం ఇది చదవండి.

ఫాల్ట్స్ అడవిలో అన్నిటికన్నా ఎత్తైన కొండ కాల్మిట్, 673 మీటర్లు. మన తిరుమల అంతకంటే ఎత్తు. ఆ అంకె చూసే చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. అలిపిరి మెట్ల దారిలో చీకటి పడితే దీపాలు వెలుగుతాయి, నెత్తిన కప్పుంటుంది, మధ్యమధ్య తాగేనీళ్ళు, ముందూ వెనకా గోవింద నామాలు. ఇక్కడ అవేవీ ఉండవు. ఇబ్బంది పెట్టేది ఎత్తు కాదు. త్వరగా వాలిపోయే పొద్దు, తడిసిన ఆకులు, అడ్డం లేని రాతి అంచు, గడ్డిలో కనపడనంత చిన్న పురుగు.

జర్మనీ నైరుతి మూలన, ఫ్రాన్స్ సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఈ అడవిని 1992లో యునెస్కో జీవావరణ క్షేత్రంగా గుర్తించింది. నేలంతా ఎర్ర ఇసుకరాయి. ఆ రాతి గుట్టల నెత్తిన, కొన్నిచోట్ల రాతిని తొలిచే, మధ్యయుగంలో కోటలు కట్టారు. 1525 రైతుల తిరుగుబాటులో కొన్ని, 17వ శతాబ్దపు యుద్ధాల్లో మరికొన్ని కూలాయి. మిగిలిన మొండిగోడల మధ్యే ఇప్పుడు మన సెల్ఫీలు.

పొద్దు సంగతి

అక్టోబరు చివరి ఆదివారం తెల్లవారుజామున గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి. శనివారం ఆరు దాటాక అస్తమించిన సూర్యుడు ఆదివారం ఐదుంపావు లోపే వెళ్ళిపోతాడు. నవంబరు మధ్యకు వచ్చేసరికి నాలుగూ నలభై. అడవిలో, అందులోనూ లోయలో, అరగంట ముందే చీకటి అనుకోండి. పోయిన నెలలో ఆరింటిదాకా తిరిగొచ్చాం కదా అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు.

దారి ఎంతసేపు పడుతుందో ముందే లెక్క వేసుకోండి. జర్మన్ నడక దారుల బోర్డులకు వాడే సూత్రం సులువే. చదును మీద గంటకు 4 కిలోమీటర్లు, ఎక్కుడు గంటకు 300 మీటర్లు, దిగుడు గంటకు 500 మీటర్లు. దూరానికి పట్టే సమయం ఒకటి, ఎక్కి దిగడానికి పట్టే సమయం ఒకటి విడివిడిగా చూసి, పెద్దదానికి చిన్నదానిలో సగం కలపాలి. 12 కిలోమీటర్ల దారిలో 500 మీటర్లు ఎక్కి అంతే దిగాలనుకోండి. దూరానికి 3 గంటలు. ఎక్కి దిగడానికి 2 గంటల 40 నిమిషాలు, అందులో సగం గంటా ఇరవై. మొత్తం 4 గంటల 20 నిమిషాలు. ఇది ఆగకుండా నడిస్తే. కోట ఎక్కడం, పులిహోర డబ్బా విప్పడం, పదిమందికీ ఫోటోలు తీయడం కలిపితే ఆరు గంటలు. రెండు రైళ్ళు మారి పదకొండింటికి నడక మొదలుపెట్టే బృందం నవంబరులో ఈ దారి వెలుతురుండగా పూర్తి చేయలేదు. తొమ్మిదింటికి మొదలుపెట్టండి, లేకపోతే సగం దూరం ఉన్న దారి ఎంచుకోండి. అనుకున్న గంటకు సగం దారి కూడా కాకపోతే వచ్చిన దారినే తిరిగి వచ్చేయండి. గ్రూపులో ఎవరికో ఒకరికి ఆ మాట చెప్పే అధికారం ముందే ఇచ్చి ఉంచడం మంచిది. లేకపోతే "ఇంకొంచెమే కదరా" అనేవాడిదే పైచేయి అవుతుంది.

టార్చి విడిగా ఉండాలి, తలకు కట్టుకునేదైతే మరీ మంచిది. ఫోన్ టార్చిని నమ్ముకోవద్దు. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, సహాయానికి ఫోన్ చేయాల్సింది కూడా దాంతోనే. మ్యాపు ముందురోజే ఇంట్లో వైఫై మీద డౌన్‌లోడ్ చేసుకోండి, లోయల్లో సిగ్నల్ ఉండదు. గూగుల్ మ్యాప్స్ కన్నా నడక దారులు చూపించే కోమూట్ లాంటి యాప్ మేలు.

పేర్లతో కూడా జాగ్రత్త. డ్రాహెన్‌ఫెల్స్ అని కొడితే ఫోను మిమ్మల్ని బాన్ దగ్గర రైన్ నది ఒడ్డున ఉన్న కొండకు తీసుకెళ్ళవచ్చు. ఈ అడవిలోనే బాట్ డ్యూర్క్‌హైమ్ దగ్గర అదే పేరుతో ఇంకో కొండ ఉంది. మీకు కావలసిన పాడుబడ్డ కోట బూసెన్‌బర్గ్ ఊరి పక్కన. అందుకే కోట పేరుతో పాటు ఊరి పేరూ కొట్టండి.

తిరుగు బస్సు సంగతి బయల్దేరకముందే చూసుకోవాలి. ఆదివారం పల్లె బస్సులు తక్కువ. కొన్నిచోట్ల బస్సుకు బదులు రూఫ్‌టాక్సీ ఉంటుంది, అది కనీసం గంట ముందు ఫోన్ చేసి చెబితేనే వస్తుంది. డాన్ ఊరి వైపు వెళ్ళే చిన్న రైలు వేసవి సీజన్లో కొన్ని రోజులే తిరుగుతుంది. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు నా సలహా అన్‌వైలర్ ఊరు. లాండౌ నుంచి పిర్మాసెన్స్ వెళ్ళే రైలు అక్కడ ఆగుతుంది, ఊళ్ళోంచే నడక మొదలు. ట్రిఫెల్స్, ఆనెబోస్, షార్ఫెన్‌బర్గ్ కోటలు మూడూ ఒకే వరుసలో ఉంటాయి. ఇంగ్లండు రాజు సింహహృదయుడు రిచర్డును 1193లో బంధించి ఉంచింది ఆ ట్రిఫెల్స్‌లోనే. ట్రిఫెల్స్ 20వ శతాబ్దంలో చాలావరకు తిరిగి కట్టింది, టికెట్టు కొనాలి, చలికాలంలో వేళలు మారతాయి. వెళ్ళే ముందు చూసుకోండి.

కోట మీద

ఇసుకరాయి పొడిగా ఉన్నప్పుడు బూటును బాగా పట్టుకుంటుంది. తడిస్తే, పైన పాచి ఉంటే, దాని మీద బీచ్ అనే అడవి చెట్ల ఆకులు రాలి ఉంటే, అదే రాయి మీద కాలు నిలవదు. వందల ఏళ్ళ కిందట రాతిలో చెక్కిన మెట్లు మధ్యలో అరిగి బయటికి వాలి ఉంటాయి. బూసెన్‌బర్గ్ డ్రాహెన్‌ఫెల్స్ పైభాగానికి వెళ్ళేది అలాంటి మెట్ల మీదుగానే. ఎక్కేటప్పుడు తెలియదు, దిగేటప్పుడు తెలుస్తుంది. రాళ్ళ కింది ఇరుకు సందుల్లో వాన వెలిసిన రెండు రోజులకు కూడా తడి ఆరదు. ముఖం రాతి వైపు పెట్టి, రెండు చేతులూ రెండు కాళ్ళలో మూడు ఎప్పుడూ రాతి మీదే ఉండేలా, నిచ్చెన దిగినట్టు దిగండి. చేతిలో ఫోన్ వద్దు.

రెయిలింగు అన్నిచోట్లా ఉండదు. ఉన్నచోట కూడా దాని మీద కూర్చోవడం, ఒరిగి ఫోటో దిగడం వద్దు. డాన్ ఊరి మీద నిలబడ్డ యుంగ్‌ఫెర్న్‌ష్ప్రుంగ్ లాంటి బండలకు అవతల పదుల మీటర్ల ఖాళీ. ఫోటో తీసేవాళ్ళకే ఎక్కువ ప్రమాదం, "అందరూ రావట్లేదు" అంటూ వెనక్కి అడుగేసేది వాళ్ళే. కెమెరా పట్టుకున్న మనిషి వెనక ఇంకొకరు నిలబడాలన్నది మీ గ్రూపు నియమంగా పెట్టుకోండి. తాడు కట్టినచోటు దాటకండి, గోడల మీద నడవకండి. పైన గడ్డి మొలిచిన గోడరాయి లోపల వదులై ఉంటుంది.

చిన్నపిల్లలున్న కుటుంబాలు ఆల్ట్‌డాన్ లాంటి పెద్ద కోటకు వెళ్తే ఒక పెద్దమనిషికి ఒక పిల్ల అన్న లెక్కన చేయి పట్టుకోవాలి. అక్కడ మూడు కోటలు ఒకే గుట్ట వరుస మీద ఉన్నాయి. గదులు, సందులు, మెట్లు, వంతెనలు. దాగుడుమూతలకు ఇంతకన్నా చోటు దొరకదని పిల్లలకు చూడగానే అర్థమవుతుంది.

గాలి ఎక్కువగా ఉన్న రోజు, తుపాను వెళ్ళిన మర్నాడు, అడవిలోకే వెళ్ళవద్దు. 2018 నుంచి వరసగా వచ్చిన కరువేళ్ళలో ఎండిన చెట్లు ఇంకా నిలబడే ఉన్నాయి, కొమ్మలు చెప్పి విరగవు. కొమ్మ మీద పడితే అడవి యజమానిది బాధ్యత కాదని, జనం బాగా నడిచే దారిలోనైనా అంతేనని, జర్మనీ అత్యున్నత న్యాయస్థానం బీజీహెచ్ 2012లోనే తేల్చింది. వాతావరణ శాఖ వాళ్ళ వార్న్‌వెటర్ యాప్ ఫోన్లో ఉంచుకోండి.

బూట్ల గురించి ఒక్క మాట. తెల్ల స్నీకర్లు వద్దు. అడుగున గాడులున్న, చీలమండను పట్టి ఉంచే బూట్లు కావాలి. జీన్స్ తడిస్తే రోజంతా ఆరదు.

వేట రోజులు

అక్టోబరు నుంచి జనవరి దాకా అడవి పందుల కోసం పెద్ద వేటలు జరుగుతాయి. పందుల్ని తరిమే మనుషులు, వదిలేసిన కుక్కలు, తుపాకులు. ఆ రోజు దారికి అడ్డంగా బోర్డో రిబ్బనో పెడతారు. బోర్డు మీద యాగ్ట్ అనే మాట, ఫ్రాన్స్ వైపైతే షాస్ అనే మాట కనిపిస్తే ఆ దారి వదిలేయండి. పక్కనుంచి దూరిపోదాం అనే మన అలవాటు ఇక్కడ ప్రాణాల మీదికి తెస్తుంది. నలుపు, ఖాకీ రంగులు మాని ముదురు నారింజో పసుపో వేసుకోండి. పులులుంటాయా అని ఇంటినుంచి అమ్మ అడిగితే లేవని చెప్పండి. లింక్స్ అనే అడవి పిల్లుల్ని 2016–2020 మధ్య 20 తెచ్చి వదిలారు గానీ అవి మనిషిని చూస్తేనే తప్పుకుంటాయి. పిల్లలతో ఉన్న ఆడపందికి మాత్రం మీరే తప్పుకోవాలి.

సరిహద్దు మీది నాలుగు కోటల దారి చాలామందికి ఇష్టం. వేగెల్న్‌బర్గ్ జర్మనీలో, హోహెన్‌బుర్గ్, లోవెన్‌ష్టైన్, ఫ్లెకెన్‌ష్టైన్ ఫ్రాన్స్‌లో. అడవిలో గేటూ ఉండదు, పోలీసూ ఉండడు, అయినా అది వేరే దేశం. పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు అసలువి దగ్గర ఉండాలి, ఫోన్లో ఫోటో సరిపోదు. వీసా ఇంకా కార్డుగా మారని కొత్తవాళ్ళు, వీసా కాగితం గడువు చూసుకుని మరీ వెళ్ళండి.

ఏరుకోవడం, తినడం

అక్టోబరులో అడవి తూర్పు అంచున చెస్ట్‌నట్లు రాలతాయి. ఇంటికి కొన్ని తెచ్చుకోవడం తప్పు కాదు. తినేదాని తొక్క మీద సన్నటి ముళ్ళు దట్టంగా ఉంటాయి, గింజకు ఒక కొనన తోక లాంటి మొన ఉంటుంది. ఊళ్ళలో రోడ్డు పక్క రాలే గుర్రపు చెస్ట్‌నట్‌కు ముళ్ళు పలచగా, మొద్దుగా ఉంటాయి, గింజ మొన లేకుండా గుండ్రంగా ఉంటుంది. అది విషం.

పుట్టగొడుగులు మాత్రం ముట్టుకోకండి. మన ఊళ్ళో తెలిసినదానిలాగే ఉంది అనిపించేదే ఇక్కడ కాలేయాన్ని తినేసేది కావచ్చు. ఆ జాతి తిన్నాక ఆరేడు గంటల పాటు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు, ఏమీ అనిపించదు. వాంతులు మొదలయ్యేసరికి విషం ఒంట్లో పనిచేస్తూ ఉంటుంది. ఎవరైనా తిన్నారంటే లక్షణాల కోసం ఎదురు చూడకుండా మైన్స్ విష సమాచార కేంద్రానికి, 06131 19240కి, ఫోన్ చేయండి.

దారిలో ఫెల్ట్సర్‌వాల్ట్ ఫెరైన్ అనే సంఘం వాళ్ళ గుడిసెలు ఉంటాయి. చాలావాటిని సభ్యులే నడుపుతారు, వారంలో కొన్ని రోజులే తెరుస్తారు, కార్డు తీసుకుంటారన్న నమ్మకం లేదు. జేబులో నోట్లుంచుకోండి. శాకాహారులకు తెల్ల చీజుతో ఉడికించిన బంగాళదుంపలు దొరుకుతాయి, నా మట్టుకు అది పెరుగన్నానికి దగ్గర బంధువు. వైన్‌లో సోడా కలిపిన షోర్లె అర లీటరు గ్లాసులో ఇస్తారు. దిగుడు ఇంకా మిగిలి ఉంటే అది వద్దు.

ఏదైనా జరిగితే

అత్యవసర నంబరు 112. ఫోన్లో పనిచేసే సిమ్ ఉండాలి, జర్మనీలో సిమ్ లేకుండా ఆ నంబరు కలవదు. అడవి దారుల కూడళ్ళలో ఆకుపచ్చ పలకలు, వాటి మీద తెల్లటి అంకెలు కనిపిస్తాయి. అవి రెట్టుంగ్స్‌పుంక్ట్‌లు, అంబులెన్సు వచ్చి కలిసే గుర్తులు. దాటినప్పుడల్లా ఫోటో తీసుకోండి, ఫోన్లో ఆ అంకె చెబితే చాలు. హిల్ఫె ఇమ్ వాల్ట్ అనే యాప్ దగ్గర్లోని పలకను చూపిస్తుంది. సరిహద్దు దగ్గరుంటే ఏ దేశంలో ఉన్నారో మొదటి మాటగా చెప్పండి, మీ ఫోన్ పక్క దేశపు టవరు పట్టి ఉండవచ్చు. దెబ్బ తగిలినవాళ్ళను ఒంటరిగా వదలకూడదు. బయల్దేరే ముందు ఇంట్లో ఉన్న స్నేహితుడికి దారి పేరు, తిరిగొచ్చే వేళ చెప్పి వెళ్ళండి.

ఇంటికొచ్చాక

ఇక చిన్న పురుగు. మన దగ్గర గేదెలకూ కుక్కలకూ పట్టే పిడుదు జాతిదే, ఇక్కడ త్సెకె అంటారు. వాతావరణం 7 డిగ్రీలు దాటితే చురుగ్గా తిరుగుతుంది, కాబట్టి అక్టోబరులో ఇంకా ఉంటుంది. చెట్టు మీదనుంచి దూకదు. గడ్డిలో, పొదల్లో కాచుకుని మీ ప్యాంటు పట్టుకుంటుంది. ప్యాంటు సాక్సులోకి దోపుకోండి, చూడ్డానికి బాగోకపోయినా. దారి వదిలి గడ్డిలో పడుకోవద్దు.

ఇది రెండు జబ్బులు మోస్తుంది. మొదటిది టీబీఈ, మెదడు పొరలకు వచ్చే వైరస్ జబ్బు, జర్మన్లో ఎఫ్‌ఎస్‌ఎమ్‌ఈ. మందు లేదు, టీకా ఉంది, మూడు డోసులు. మీరు వెళ్ళే ఫాల్ట్స్ కన్నా మీరుండే చోట దాని ప్రమాదం ఎక్కువ కావచ్చు. హైడెల్‌బర్గ్, మానహైమ్, కార్ల్స్‌రూయెలు ఉన్న బాడెన్-వుర్టెంబర్గ్ దాదాపు మొత్తం, బవేరియాలో చాలా భాగం ప్రమాద ప్రాంతాలే. అక్కడుండేవాళ్ళకు పబ్లిక్ ఇన్సూరెన్సు ఖర్చు భరిస్తుంది, మీ ఇంటి డాక్టరును అడగండి. రెండోది బొరెలియోసిస్. దీనికి టీకా లేదు, మందుంది, జర్మనీ అంతటా ఉంది. పురుగు పట్టిన వెంటనే ఇది ఎక్కదు, మామూలుగా 12 గంటలు దాటాలి. అందుకే ఆ సాయంత్రమే స్నానం చేసి ఒళ్ళంతా వెతకాలి. మోకాళ్ళ వెనక, గజ్జల్లో, చంకల్లో, బొడ్డులో, చెవుల వెనక, పిల్లలకైతే తలలో. పిల్ల పురుగు 1–2 మిల్లీమీటర్లే, పుట్టుమచ్చ అనుకుని వదిలేస్తారు. కొత్త పుట్టుమచ్చ కనిపిస్తే గోటితో తాకి చూడండి.

దొరికితే నూనె, సున్నం, అగ్గిపుల్ల ఏదీ వద్దు. సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, నలపకుండా, మెల్లగా నిటారుగా లాగండి. మందుల షాపులో దీనికోసం చిన్న కార్డు అమ్ముతారు, పర్సులో పెట్టుకునేంతే. ఆ చోటు ఫోటో తీసి, తేదీ రాసుకోండి.

తర్వాత నెల పైచిలుకు దాన్ని గమనిస్తూ ఉండండి. పుస్తకాల్లో ఎర్రటి వలయం బొమ్మ తెల్లటి చర్మం మీద వేస్తారు. మన రంగు మీద అది ముదురు గోధుమ రంగులోనో, ఊదా రంగులోనో, ఉత్త మచ్చలాగో కనిపించి, కళ్ళు దాటిపోతుంది. మచ్చ రోజురోజుకూ వెడల్పు అవుతోందా అన్నదే చూడండి. పెన్నుతో అంచు గీసుకుంటే తేలిగ్గా తెలుస్తుంది. పెరుగుతుంటే, లేదా జ్వరం, కీళ్ళ నొప్పులు, ముఖం ఒక పక్కకు వాలడం కనిపిస్తే, అడవికి వెళ్ళిన తేదీతో సహా డాక్టరుకు చెప్పండి. క్లినిక్ మూసి ఉంటే 116117కి ఫోన్ చేయండి.