దగ్గు తగ్గదు, గుండె ఎడమవైపే ఉంది: సీసీఎన్ఓ జన్యులోపాన్ని ఎలా పట్టుకోవాలి?

సమస్య: నెలలు నిండి పుట్టిన బిడ్డకు మొదటి రోజే ఆయాసం. ఆ తర్వాత ఏడాది పొడవునా కఫం దగ్గు, ముక్కు కారడం, చెవిలో చీము. ఆస్తమా పంపుకు లొంగదు. గుండె కుడివైపు లేదు కాబట్టి శైలికల (కణాల మీద మొలిచే సన్నని వెంట్రుకల్లాంటి పోగుల) జబ్బు కాదని పక్కన పెట్టేస్తారు.

కారణం: పొరపాటు అక్కడే జరుగుతోంది. పిండంలో కుడి ఎడమలను తేల్చేవి కణానికి ఒక్కటిగా ఉండే శైలికలు. సీసీఎన్ఓ పాడైనా వాటికేమీ కాదు. శ్వాసనాళపు కణం మీద 200కు పైగా శైలికలు మొలవాలంటే ముందు అన్ని బేసల్ బాడీలు (శైలిక మొలిచే కుదుళ్లు) తయారు కావాలి. సీసీఎన్ఓ పని అదే. ఐదో క్రోమోజోమ్ మీద దాని పొరుగునే ఉన్న ఎంసీఐడీఏఎస్ అనే జన్యువు ఆ పనికి తెరతీస్తుంది. ఈ రెండింటి లోపాలతో వచ్చే జబ్బును 2014లో గుర్తించారు.

సమస్య: ముక్కు బ్రష్ నమూనాలో శైలికలే లేవు, ల్యాబ్ 'నమూనా చాలలేదు' అని రాసింది.

ఏం చేయాలి: జలుబు చేసినా శైలికలు రాలిపోతాయి. కాబట్టి తగ్గాక 4 నుంచి 6 వారాలు ఆగి మళ్లీ తీయండి. రెండోసారీ బోసిగా ఉంటే దాన్ని నమూనా తప్పుగా కొట్టేయకండి, అదే అసలు ఆధారం కావచ్చు. కణాలను గాలి తగిలేలా కల్చర్‌లో పెంచినా శైలికలు మొలవకపోతే అనుమానం బలపడినట్టే. సీసీఎన్ఓ లోపంలో మిగిలిన ఒకటీ అరా శైలికలు మామూలుగానే కొట్టుకుంటాయి, అందుకే వీడియోలో కదలిక ఒక్కటే చూస్తే మోసపోతాం. ఎంసీఐడీఏఎస్ లోపంలో అవీ కదలవు.

ఐదేళ్లు దాటిన పిల్లల్లో ముక్కులోని నైట్రిక్ ఆక్సైడ్ నిమిషానికి 77 నానోలీటర్ల కంటే తక్కువ ఉంటే అనుమానించాలి. సిస్టిక్ ఫైబ్రోసిస్‌లోనూ (కఫం చిక్కబడే మరో జన్యు జబ్బు) అది తగ్గుతుంది, కాబట్టి దాన్ని తేల్చే చెమట పరీక్ష తప్పదు. జన్యు పరీక్షకు పంపేముందు ప్యానెల్‌లో (ఒకేసారి పరీక్షించే జన్యువుల జాబితాలో) సీసీఎన్ఓ, ఎంసీఐడీఏఎస్‌లతో పాటు శైలికలకు సంబంధించిన మరో జన్యువు ఫాక్స్‌జే1 కూడా ఉన్నాయో లేదో అడగండి. ఫాక్స్‌జే1 తీరు వేరు: జన్యువు రెండు ప్రతుల్లో ఒక్కటి చెడినా చాలు, తలలో నీరు చేరవచ్చు, అవయవాలు అటూ ఇటూ కావచ్చు.

సీసీఎన్ఓ జబ్బు రావాలంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన రెండు ప్రతులూ చెడాలి. మేనరికాలున్న మన కుటుంబాల్లో ఈ ప్రశ్న తప్పక అడగాలి. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే (జబ్బు లేకున్నా చెడిన ప్రతి ఒకటి ఉన్నవారైతే) ప్రతి కాన్పులోనూ 25 శాతం ముప్పు.

చికిత్స: శైలికలను మొలిపించే మందు ఇంకా లేదు. రోజూ ఫిజియోథెరపీతో కఫం బయటికి తీయాలి. దగ్గును అణిచే సిరప్‌లు వద్దు, ఎందుకంటే ఈ బిడ్డకు ఊపిరితిత్తులు శుభ్రం చేసుకునే దారి ఆ దగ్గే. మూడు నెలలకోసారి కఫం కల్చర్, క్రమం తప్పకుండా వినికిడి పరీక్ష, టీకాలు. తరచూ ఇన్ఫెక్షన్లు వస్తుంటే డాక్టర్లు దీర్ఘకాలం అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తారు. మొదలుపెట్టేముందు కఫంలో మైకోబాక్టీరియా (క్షయ క్రిమి కుటుంబపు బాక్టీరియా) లేదని తేల్చుకోవాలి.